గడప మీది సంచి

మల్లెహాళు, ఆదోని దగ్గర
డిసెంబరు 3

అక్కకు,

వందనాలు, క్షేమ సమాచారాలు, ముందు ఏమేమి రాయాలో అవన్నీ రాసేసినట్టే అనుకో. నాకు తొందరగా ఉంది. పదకొండింటికి పోస్టుమాన్ సుంకప్ప డబ్బా తెరుస్తాడు. ఊరు మొత్తానికి ఉత్తరం రాసే మనిషివి నువ్వొక్కదానివే అని నన్ను చూసి నవ్వుతాడు. ఏం చేయమంటావు? మీ ఇంటికంతటికీ ఉన్నది ఒక్క ఫోను, అది నీళ్లలో పడి మూడు నెలలైంది. జమ్మలమడుగులో ఫోన్లు బాగుచేసే కొట్టే లేదా?

ఇక్కడ ఊరు సగం ఖాళీ. సుగ్గి మొదలైంది కదా, పత్తి తీయడానికీ మిరపకాయ కోయడానికీ లారీలెక్కి గుంటూరు వైపు పోతున్నారు. తాళాలు వేసిన ఇళ్ల మధ్య నడుస్తుంటే నాకు కాలు నిలవదు. పోయినవాళ్ల సంగతి ఎలాగో జరుగుతుంది. పోలేక మిగిలినవాళ్లే కష్టంలో ఉన్నారు. ఒకరికి చెయ్యి విరిగింది, ఒకామె బాలింత, ఒకాయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కని కర్నూలు తిరుగుతున్నాడు. ఊళ్లో వీళ్లకు చేయడానికి పని లేదు.

అందుకే అమ్మ కుండ గుర్తొచ్చింది. ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి ఆ కుండలో వేసేది, ఆదివారం చర్చిలో పోసేది. నీ చెయ్యి పెద్దదని నీచేతే వేయించేది, నాకు ఏడుపొచ్చేది. మా చర్చిలో ఆ అలవాటు నలుగురైదుగురు ముసలమ్మల దగ్గరే మిగిలింది. నేను లేచి, ఇకనుంచి ఈ పిడికెడు బియ్యం ఇబ్బందిలో ఉన్న ఇళ్లకు పోవాలి, ఏ మతమైనా సరే అన్నాను. అన్న పాపానికి బాధ్యత నా నెత్తినే పెట్టారు. పక్కింటి లక్ష్మక్క, ఆంజనేయస్వామి గుడికి పోయే మనిషి, తనే వచ్చి చేరింది. "బియ్యానికి మతమేంది ప్రసన్నా" అని తన వీధిలో ఇరవై ఇళ్లను కలిపింది. మొత్తం నలభై ఇళ్లు. మా ఆయన ఏసురాజు ఆటోలో నీలం డ్రమ్ము తెచ్చి పెట్టాడు.

ఎనిమిది ఇళ్లకు ఇస్తున్నాం. ఆ ఇళ్లేవో నాకూ లక్ష్మక్కకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆదివారం మేమంతా ఆరాధనలో ఉన్నప్పుడు ఆమె సంచులు గడపల మీద పెట్టి వస్తుంది. ఎవరికీ తలవంపు లేదు. ఎంత బాగా కుదిరిందో చూడు.

క్రిస్మస్‌కు నువ్వూ బావా రావాలి. సాకులు చెప్పొద్దు. సుంకప్ప సైకిలు కనిపిస్తోంది.

ప్రసన్న


జమ్మలమడుగు
డిసెంబరు 13

ప్రసన్నా,

నీ ఉత్తరం చదివితే నువ్వు చెప్పులు విడవకుండా గడప దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్లిపోయినట్టుంది. చిన్నప్పుడూ అంతే. చర్చికి పోతే నాకంటే నూరడుగులు ముందుండేదానివి. వెనక్కి తిరిగి "రా, రా" అని అరిచేదానివి. నేను పరుగెత్తి వచ్చేసరికి మళ్లీ కదిలేదానివి. ఇంతవరకూ ఒక్కసారి కూడా మనం కలిసి నడవలేదు.

క్రిస్మస్‌కు రాలేము. సెలవులకు గండికోట చూడటానికి జనం ఎగబడతారు, బస్సుల్లో నిలబడే చోటు కూడా ఉండదు. మీ బావకూ కుదరదు. నాపరాయి పాలిషు పని సంగతి నీకు తెలియంది కాదు. లేవి హాస్టల్లో బాగానే ఉన్నాడు, ఐటీఐ రెండో ఏడు. ఫోను సంగతి చూడాలి.

పిడికెడు బియ్యం మా సంఘంలోనూ ఉంది. నువ్వు మొదలుపెట్టినందుకు సంతోషం. అమ్మ ఉంటే నీ బుగ్గ గిల్లేది. కానీ ఒక మాట. రెండు పేజీల ఉత్తరంలో ఇచ్చేవాళ్ల సంగతంతా రాశావు, డ్రమ్ము రంగు కూడా రాశావు. గడప మీద సంచి చూసి ఆ ఇంటివాళ్లు ఏమనుకున్నారో ఒక్క ముక్క రాయలేదు. ఇంకొకటి. చర్చిలో లేచి ఎనిమిది ఇళ్లు అని చెప్పకు. ఎనిమిది అన్నావంటే ఊళ్లో అందరూ వేళ్లు మడిచి ఆ ఎనిమిది ఏవా అని లెక్కపెడతారు.

చలి ఎక్కువగా ఉంది. చెవులకు గుడ్డ కట్టుకొని తిరుగు.

మీ అక్క వరమ్మ


మల్లెహాళు
జనవరి 8

అక్కా,

చెప్పొద్దన్న మాటే చెప్పాను. క్రిస్మస్ రోజు పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి మాట్లాడమంటే నోరు ఆగలేదు. ఎనిమిది ఇళ్లు అన్నాను. చప్పట్లు కొట్టారు. నువ్వు తిట్టే తిట్లన్నీ నేనే తిట్టుకున్నాను, ఇంక నువ్వు తిట్టకు. అసలు గొడవ అది కాదు.

ఇక్కడ మారెన్న అని బేల్దారి ఉన్నాడు. అక్టోబరులో గోడ మీంచి పడి చెయ్యి విరిగింది, లోపల ఇనుప పట్టీ వేశారు. సుగ్గికి పోలేదు. భార్య శివజ్యోతి నెమ్మదిగా ఉంటుంది, ఎవరింటికీ పోదు. మా ఎనిమిదిలో వాళ్లది మొదటి ఇల్లు. మొన్న రెండో తేదీన శివజ్యోతి అన్నా వదినా ఎమ్మిగనూరు నుంచి వచ్చారు. వాళ్లు అన్నం తింటుండగా, మా నలభై ఇళ్లలో ఒకామె మహాదేవి కరివేపాకు కోసమని వాళ్లింట్లోకి పోయింది. మహాదేవి భర్తకు షుగరు, వాళ్లింట్లో కొర్రన్నమే తింటారు. కాబట్టి ఆమె తెచ్చే పిడికెడు కొర్రలే. ఊళ్లో కొర్రలు వండుకునే ఇల్లు అదొక్కటే. శివజ్యోతి అన్న కంచంలో తెల్లన్నం మధ్య పసుపుపచ్చ గింజలు కనిపించాయి. మహాదేవి మనసులో ఏమీ లేదు, సంతోషంగానే అంది. "మా కొర్రలు మీ ఇంటికొచ్చినాయే" అని. ఆ అన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయిందట.

మరునాడు పొద్దున చర్చి గేటుకు మా సంచి తగిలించి ఉంది. లక్ష్మక్క వేసిన ముడి లాంటిదే వేసి, మూతి బిగించి ఉంది. విప్పి చూస్తే నిండుగా ఉంది. తిన్నంత మేరకు శివజ్యోతి ఎక్కడినుంచో తెచ్చి నింపింది. పైనంతా ఒకే రకం, రేషను స్టోరు బియ్యం. అడుగున మావి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత పరుగెత్తి చేస్తుంటే గేటుకు తగిలించి పోతుందా? కడుపు కాలుతున్నప్పుడు ఇంత పౌరుషం ఎందుకు? మిగతా ఇళ్లలోనూ గొణుగుడు మొదలైంది. అన్నం సగం జావ అవుతోందట, సగం పంటి కింద రాయిలా తగులుతోందట. నిజమే, నలభై ఇళ్ల బియ్యం ఒక డ్రమ్ములో పడితే ఒకేలా ఎలా ఉడుకుతుంది? అందరూ సోనా బియ్యమే తేవాలని నియమం పెడదామన్నాను. లక్ష్మక్క నా ముఖం చూసి, "సోనా యాడిది మాకు? ఇచ్చే మేమూ స్టోరు బియ్యమే తింటాండాము" అంది. నియమం మాట అక్కడే వదిలేశాను.

నిద్ర పట్టడం లేదు, కూర్చోబుద్ధి కావడం లేదు. వాకిలి రెండుసార్లు ఊడుస్తున్నాను. ఏం చేయాలో చెప్పు. వెంటనే రాయి.

ప్రసన్న


(కార్డు)
మల్లెహాళు, జనవరి 20

అక్కా, పన్నెండు రోజులైంది. జవాబు ఏది? మీ సంఘ పెద్ద సుందరంగారి నంబరు నా దగ్గర ఉంది. నువ్వు తిడతావని చేయలేదు. ఇంకో వారం చూస్తాను. ప్రసన్న.


జమ్మలమడుగు
జనవరి 24

ప్రసన్నా,

సుందరంగారికి ఫోను చేయొద్దు. చేస్తే నీతో మాట్లాడను. పెద్దాయనను ఇబ్బంది పెట్టకు.

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. రెండుసార్లు జవాబు రాసి చింపేశాను. కోపంగా ఉంది, ఇప్పుడూ తగ్గలేదు. పౌరుషం అన్నావు. శివజ్యోతి తన అన్న ముందు ఆ కంచం ఎలా తీసిందో, ఆ పొద్దు మిగతా అన్నం ఎవరు తిన్నారో నీకు తెలుసా? నింపడానికి ఆ బియ్యం ఎవరి గడపకు పోయి అడిగిందో తెలుసా? నీకు ఎదురుగా నిలబడి తిట్టి ఉంటే అది పౌరుషం. ఆమె నీ సంచి నీకు నిండుగా ఇచ్చింది. ఎవరినైనా ఏమైనా అను, ఆమెను మాత్రం అనొద్దు.

ఇప్పుడు పనికొచ్చే సంగతి చెప్తాను. ఆ బియ్యం వండాలంటే ముందు జల్లెడ పట్టాలి. అన్నీ దిగవు కానీ సన్నవి చాలావరకు కిందికి దిగుతాయి. పైన నిలిచిన లావు బియ్యాన్ని ఒక గంట నానబెట్టాలి. ఎసట్లో ముందు అవే వేసి, ఒక పొంగు వచ్చాక సన్నవి వేయాలి. కడిగేటప్పుడు స్టోరు బియ్యంలోంచి కొన్ని గింజలు పైకి తేలతాయి. ప్లాస్టిక్ అనుకొని ఏరి పారబోస్తారు, పారబోయొద్దు. అవి బలం కోసం కలిపిన గింజలే. ఉడికాక కొంచెం జిగురుగా ఉంటాయి, అంతే. కొర్రలు కలిసి ఉంటే నీళ్లు ఒక గ్లాసు ఎక్కువ పట్టాలి. గంజి వార్చొద్దు, వారిస్తే సన్నవి దానితోనే పోతాయి. ఇంత చేసినా ఎవరైనా కంచంలోకి చూస్తే తెలిసిపోతుంది. దానికి ఒక్కటే దారి. అన్నీ కలిపి నూక పట్టించి, ఆ నూక ఉడికించి, రాగిపిండి వేసి సంగటి కెలకాలి. సంగటి ముద్దలో ఏ గింజ ఎవరింటిదో దేవుడే చెప్పాలి. ఎవరొచ్చి చూసినా అది సంగటే. ఎవరి ముందైనా తల ఎత్తుకొని తినొచ్చు.

ఇవన్నీ ఇక్కడ ఒకామె చెప్పగా విన్నాను.

వరమ్మ


మల్లెహాళు
ఫిబ్రవరి 18

అక్కా,

ముందు జరిగింది చెప్తాను, తర్వాత అడగాల్సింది అడుగుతాను. దాటేయకుండా చివరిదాకా చదువు.

నీ మాట ప్రకారం డ్రమ్ములో ఉన్నదంతా పిండిమరకు తీసుకుపోయాం. మర నడిపే ఉమామహేశ్ కూలి వద్దన్నాడు. బియ్యంతో పాటు పిడికెడు రాగులు కూడా తేవాలన్నాం. ఇంకో పని కూడా చేశాం. ఎనిమిది ఇళ్లకే కాదు, నలభై ఎనిమిది ఇళ్లకూ సంచులు. ఇచ్చినవాళ్లూ ఇంత నూక తీసుకుపోవాలి. అన్నీ ఒకే రంగు సంచులు, ఎవరిది ఎంత బరువో మోసే భుజానికే తెలుసు. మహాదేవి మొదట అలిగింది, ఆ తర్వాత తనే తీసుకుపోయింది.

శివజ్యోతి ఇంటికి మూడుసార్లు పోయాను. రెండుసార్లు తలుపు వేసింది. మూడోసారి మారెన్న అరుగు మీద ఉన్నాడు. క్షమించమని అడుగుదామని పోయాను. నాకంటే ముందు ఆయనే అన్నాడు. "సంచి వద్దు ప్రసన్నమ్మా. పనేమన్నా ఉంటే చెప్పు." నలభై ఎనిమిది ఇళ్ల బియ్యం చెరగాలి, జల్లించాలి, రాళ్లు ఏరాలి, మాకు చేతులు చాలడం లేదన్నాను. అది నిజమే. మరునాడు శివజ్యోతి చేట తెచ్చుకొని మర దగ్గరికి వచ్చింది. పొద్దంతా చెరిగి, సాయంత్రం తన సంచి తానే ఎత్తుకొని పోయింది.

రెండో రోజు మర దగ్గర నీ ఉత్తరం చదివి వినిపించాను, మా అక్క రాసింది అని గొప్పగా. తిట్లు వదిలేసి వంట సంగతి మాత్రమే చదివాను. జల్లెడ, నానబెట్టడం, ఒక పొంగు, తేలే గింజలు. అందరూ తలలూపారు. శివజ్యోతి చేట ఆపింది.

"మీ యక్క ఈ బియ్యం ఎన్నాళ్ల నుంచి తింటాండాది?" అని అడిగింది.

మా అక్క ఇచ్చే మనిషి అన్నాను. ఎవరో చెప్పగా విన్నదట అన్నాను.

"ఇచ్చేటోళ్లకు ఇవి తెలీవు. తేలే గింజలు జిగురైతాయని నాకు తెలిసేకి నెల పట్టె. గంజి వారిస్తే సన్నవి పోతాయని, పోయినాకనే తెలిసె. చెప్తే వచ్చేటివి కాదివి."

అంతే అని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. నేను ఉత్తరం మడిచి కొంగున కట్టుకున్నాను. ఇంటికి వచ్చి నీ ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను. నేను ఏదీ రెండోసారి చదవను, నీకు తెలుసు. ఈసారి చదివాను. బావకు కుదరదు అని ఉంది, పనికి పోతున్నాడని ఎక్కడా లేదు. ఫోను సంగతి చూడాలి అని ఉంది. పిడికెడు బియ్యం మా సంఘంలోనూ ఉంది అని ఉంది. అన్నీ నువ్వు రాశావు, నేను చూడలేదు. ఎనిమిది ఇళ్ల తలుపుల వెనక ఏముందో కనిపెట్టానని మురిసిపోయాను. తొమ్మిదోది మా అక్కదే.

ఎన్నాళ్ల నుంచి?

ప్రసన్న


జమ్మలమడుగు
ఫిబ్రవరి 27

ప్రసన్నా,

సెప్టెంబరు రెండో ఆదివారం నుంచి.

ఆగస్టు చివర మీ బావ పాదం మీద బండ జారి పడింది. ఎవరి తప్పూ లేదు, చేతులు చెమటతో ఉన్నాయట. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. ఇప్పుడు గోడ పట్టుకొని నాలుగడుగులు వేస్తున్నాడు. ఏప్రిల్ దాకా బరువు మోపకూడదన్నారు. ఫోను నీళ్లలో పడలేదు, మందులకు అమ్మేశాను. లేవికి కూడా చెప్పలేదు. చెప్తే చదువు మాని వచ్చేస్తాడు. నేను రెండిళ్లలో పని చేస్తున్నాను. ఇన్నాళ్లూ నీకు అబద్ధం రాయకుండా ఉండాలని ఎంత పాకులాడానో దేవుడికి తెలుసు. ఫోను దగ్గర తప్పింది, వంట సంగతి ఒకామె చెప్పగా విన్నానన్న దగ్గర తప్పింది.

ఆ రెండో ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గడప మీద సంచి ఉంది. ఎవరో మరిచిపోయారనుకున్నాను. చేతిలో పట్టుకొని వీధిలో ఇంటింటికీ తిరిగి, ఇది మీదేనా అని అడిగాను. నాలుగో ఇంట్లో ఆమె తల దించుకుంది. అప్పుడు అర్థమైంది. వెనక్కి నడిచిన ఆ నాలుగిళ్ల దూరం నా జన్మలో ఇంకెప్పుడూ నడవలేను. శివజ్యోతి సంచి గేటుకు తగిలించిందని చదివినప్పుడు, నాకు ఆ ధైర్యం లేకపోయిందే అని ఏడ్చాను. లోపల మీ బావ ఆకలితో ఉన్నాడు. నేను సంచి విప్పాను.

తెచ్చేది సుందరంగారే. మాకు తెలియదని ఆయన అనుకుంటాడు. చివరి కీర్తన మొదలవగానే వెనక బెంచీ నుంచి లేచి పోతాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, మా వీధి ఎత్తు. నేను మామూలుగా నడిచినా దారిలో ఎదురుపడతాం. ఎదురుపడితే ఆయన ఏం మాట్లాడాలి, నేనేం మాట్లాడాలి? అందుకని చర్చి అయ్యాక నేను చాలా నెమ్మదిగా నడుస్తాను. మధ్యలో చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఆగుతాను. ఆయన పెట్టి, వీధి దిగి, మలుపు తిరిగాకే ఇంటికి చేరతాను. ఆరు నెలలుగా ఇదే.

ఆ బియ్యంలోంచి కూడా ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు తీస్తున్నాను. ఆదివారం తీసుకుపోయి పోస్తాను. ఇది పిచ్చి అని మీ బావ అంటాడు. ఆ పిడికెడు తీయకపోతే నేను ఇంకొక మనిషినైపోతానని భయం.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. సిగ్గు. నీకు పిడికెడు తీయడం నేర్పింది నేను. ఇంకొకటి, నువ్వు ఆటో నిండా బస్తాలు వేసుకొని, వీధి మొగదల నుంచే "అక్కా" అని కేకేస్తూ వస్తావు. నీ ప్రేమ అంతే, దానికి తలుపులుండవు. రావద్దు. బావ నడిచాక నేనే పిలుస్తాను.

వరమ్మ


మల్లెహాళు
మార్చి 5

అక్కా,

వస్తున్నాను. నువ్వు వద్దంటే నేను ఆగింది ఎప్పుడు?

నీ ఉత్తరం చదివి నువ్వు రాసినట్టే చేశాను. ఏసురాజు చేత ఆటోలో రెండు బస్తాల సోనా, ఒక బస్తా శనక్కాయలు, రాగులు, నూనె డబ్బా ఎక్కించాను. ఏడుస్తూనే ఎక్కించాను. శివజ్యోతి చేట చంకన పెట్టుకొని మరకు పోతూ ఆగింది. ఎక్కడికని అడిగింది. చెప్పాను. ఆమె బస్తాల వైపు చూసింది.

"ఎనిమిదిండ్లకు సంచులు పంపితివి. ఒక్కింట్లోనన్నా కూచోని తింటివా?" అని అడిగింది.

ఒక్క ఇంట్లో కూడా తినలేదు. గడప దాకానే పోయాను. అదీ లక్ష్మక్కను పంపాను.

బస్తాలన్నీ దించేశాను. ఏసురాజు గొణుక్కుంటూ లోపల పెట్టాడు. ఆ మధ్యాహ్నం పిలవకుండానే శివజ్యోతి ఇంటికి పోయి కూర్చున్నాను. ఆమె సంగటి ముద్ద, శనక్కాయల చెట్నీ పెట్టింది. మారెన్న ఎడమ చేత్తో తింటున్నాడు, నేను పక్కన కూర్చొని తిన్నాను. ఇంకొంచెం వేయనా అని ఆమె అడిగింది, వేయించుకున్నాను. వచ్చేటప్పుడు మళ్లీ రమ్మంది. ఈ మూడు నెలల్లో నన్ను లోపలికి రమ్మన్న మొదటి మాట అది.

శనివారం ఆదోనిలో బస్సెక్కి, తాడిపత్రి మీదుగా సాయంత్రానికి చేరతాను. ఒక చీర, బైబిలు, అంతే. ఇంకేమీ తేను. వీధి మొగదల కేక వేయను. బావను చూసి ఏడవకుండా ఉంటానని మాత్రం మాట ఇవ్వలేను.

నాకు సంగటి చెయ్యి. గడప మీదికొచ్చిన ఆ బియ్యంతోనే చెయ్యి, నా కోసమని పక్కింట్లో సోనా అడిగి తేవొద్దు. పిడికెడు తీశాకే ఎసట్లో వెయ్యి. ఈసారి ఆ పిడికెడు నన్ను తీయనీ, నా చెయ్యి కూడా పెద్దదైంది.

ఆదివారం చర్చి అయ్యాక నీతో పాటు నడుస్తాను. సుందరంగారు సంచి పెట్టి, వీధి దిగి, మలుపు తిరిగేదాకా. నాకు నెమ్మదిగా నడవడం రాదని నీకు తెలుసు కదా. నా చెయ్యి పట్టుకో.

నీ చెల్లెలు
ప్రసన్న